మూడు బల్లలు, గోడ పక్కన ఒక కుర్చీ: తంజోంగ్ పగార్‌లో నా శుక్రవారం

పద్నాలుగేళ్లుగా కడపలో ఒక డిగ్రీ కాలేజీలో రాజనీతిశాస్త్రం చెబుతున్నాను. మూడో సంవత్సరం పిల్లలకు బోస్నియా పాఠం నాదే. యుద్ధంలో ఒకరినొకరు చంపుకున్న బోస్నియాక్కులు, సెర్బులు, క్రొయేట్లు ఇప్పుడు ఒకే ప్రభుత్వంలో కూర్చుంటారని, దేశానికి ముగ్గురు అధ్యక్షులని, ఎనిమిదేసి నెలలకు ఒకరు చొప్పున పెద్ద కుర్చీ ఎక్కుతారని బోర్డు మీద గళ్లు గీసి మరీ చెబుతాను. పిల్లలు నవ్వుతారు. "నవ్వకండి, దీనివల్లే తుపాకులు ఆగాయి" అంటాను. ఆ మాట అనేటప్పుడు ఆ ఏర్పాటేదో నేనే దగ్గరుండి చేయించినంత గర్వంగా ఉండేది. అందుకే "యుద్ధం తర్వాత అధికార పంపకం" మీద అధ్యాపకులకు సింగపూర్‌లో శిక్షణ ఉందని, ఫీజు లేదని, ప్రయాణం మాత్రం ఎవరి ఖర్చు వాళ్లదేనని మెయిల్ రాగానే ఆ సాయంత్రమే దరఖాస్తు పెట్టాను. ఇలాంటి శిక్షణలకు వెళ్లే ఉపాధ్యాయులు మనలో చాలామందే ఉన్నారు కాబట్టి వాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ప్రయాణం సాఫీగానే సాగింది. అక్కడ జరిగింది తలచుకుంటే మాత్రం ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

కడప నుంచి చెన్నైకి రైల్లో ఐదు గంటలు, అక్కడి నుంచి విమానంలో నాలుగు గంటల పైచిలుకు. రానుపోను టికెట్టు రెండు నెలల ముందు కొంటే పంతొమ్మిది వేలకు వచ్చింది. వీసా ఏజెంటు ద్వారా వారంలోపే చేతికొచ్చింది. దిగడానికి మూడు రోజుల ముందు నుంచి రాక వివరాల ఫారం ఆన్‌లైన్‌లో ఉచితంగా నింపుకోవచ్చు, దానికి డబ్బడిగే వెబ్‌సైట్ల జోలికి వెళ్లకండి. గురువారం సాయంత్రం ఐదింటికి చాంగీలో దిగి, తానా మేరా, పాయా లెబార్, సెరంగూన్‌లలో లైన్లు మారుతూ పుంగ్గోల్ చేరేసరికి గంటా పావు పట్టింది. రెండు డాలర్ల చిల్లర అయింది. టాక్సీ అయితే అరగంటే, కానీ పది రెట్లు ఇచ్చుకోవాలి.

పుంగ్గోల్ స్టేషన్ గేటు దగ్గర అప్పన్న అంకుల్ నిలబడి ఉన్నారు. మా కాలేజీ సహోద్యోగికి దూరపు బంధువు. ఆయన తాత శ్రీకాకుళం వైపు నుంచి ఓడరేవు పనికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడట. నన్ను చూడగానే అడిగిన మొదటి మాట, "మకాన్ అయ్యిందా అమ్మా? ఫ్లైట్‌లో ఏం పెడతారులే, ఇంటికి రా, ఆంటీ వండేసింది." తిండి గురించి అడుగుతున్నారని చెప్పకుండానే అర్థమైంది. దారిలో రేపటి దారి కూడా ఆయనే చెప్పారు. "తంజోంగ్ పగార్ కదా? ముప్పై ఏళ్లు నేను క్రేన్ తోలింది అక్కడే. ఇప్పుడు పోర్టు ఎక్కడ, అన్నీ ఆఫీసులే. అవుట్‌రామ్ పార్క్‌లో ట్రైను మారు, అక్కడి నుంచి ఒక్క స్టేషను. ఈజీ లా." మాట చివర ఈ "లా" ఇక్కడివాళ్ల అలవాటు.

మర్నాడు ఎనిమిదింటికి బయల్దేరి, తొమ్మిదికి పది నిమిషాలుండగా ఆఫీసు భవనం చేరాను. పద్దెనిమిదో అంతస్తు. కిటికీలోంచి సముద్రం, దూరంగా ఓడలు. హాలు మధ్యలో మూడు గుండ్రటి బల్లలు, ఒక్కోదాని మీద ఒక్కో రంగు గుడ్డ. మొత్తం పంతొమ్మిదిమంది వచ్చాం. నడిపించే పెద్దమనిషి యూరప్‌వాడు, నెరిసిన జుట్టు, మెత్తటి గొంతు. ఈ రోజంతా ఒక ఆట ఆడబోతున్నామని చెప్పాడు. దేశం బోస్నియా. ఒక్కో బల్ల ఒక్కో జాతి. సాయంత్రానికల్లా ముగ్గురూ బేరాలాడుకుని ప్రభుత్వం ఏర్పాటు చేయాలి. తమ జాతి ప్రయోజనానికి దెబ్బ అని ఏ బల్ల అన్నా ఆ తీర్మానం ఆగిపోతుంది. కారణం చెప్పనక్కర్లేదు. అంటే వీటో అందరి చేతుల్లోనూ ఉంది.

నీలం బల్ల క్రొయేట్లది. దానికి నన్ను నాయకురాలిని చేశారు. కడప మనిషిని, జీవితంలో ఒక్క క్రొయేట్‌నైనా చూసి ఎరుగను, మెడలో బ్యాడ్జీ వేసుకుని ఠీవిగా కూర్చున్నాను. అప్పుడు ఆయన జాబితాలో ఆఖరున ఉన్న పేరు చదివాడు. సెల్మా. నలభై ఏళ్లుంటాయి, పొట్టి జుట్టు, భుజానికి గుడ్డ సంచి. ఆమె నిజంగానే బోస్నియా నుంచి వచ్చింది. ఆ దేశం మధ్యలో ఉన్న ఒక చిన్న ఊళ్లో జీవశాస్త్రం టీచరు. హాలంతా ఆమె వైపు తిరిగింది.

"మీరు ఈ మూడింటిలో ఎవరు?" అని అడిగాడు ఆయన.

"నాన్న బోస్నియాక్, అమ్మ క్రొయేట్. కాగితాల్లో 'ఇతరులు' అని రాస్తాను."

ఆయన ముఖం వెలిగిపోయింది. "అద్భుతం! అయితే మీరే మా 'ఇతరులు'. ఆ రాజ్యాంగంలో ఇతరులకు అధ్యక్ష పదవి లేదు కదా, మనం కూడా అలాగే ఉంచుదాం. మీరు గోడ పక్కన కుర్చీలో కూర్చుని గమనించండి."

కొందరు నవ్వారు. నేనూ నవ్వాను, దాచడం ఎందుకు. ఆ దేశంలో అడుగైనా పెట్టని పద్దెనిమిదిమందిమి ఆ దేశాన్ని పంచుకోవడానికి బల్లల దగ్గర కూర్చున్నాం. ఆ దేశంలో పుట్టి, ఆ యుద్ధంలో పెరిగిన ఒకే ఒక్క మనిషి ఒళ్లో సంచి పెట్టుకుని గోడకు ఆనుకుని కూర్చుంది.

పదకొండింటికి చదువుల శాఖ వంతు వచ్చింది. నేను పూనకం వచ్చినట్టు వాదించాను. మా పిల్లలకు మా భాష, మా పుస్తకాలు, మా టీచర్లు కావాలన్నాను. వేరే బడి కట్టడానికి డబ్బు లేదంది బోస్నియాక్కుల ఆకుపచ్చ బల్ల. అప్పుడు నాకో ఉపాయం తట్టింది. "కొత్త బడి వద్దు. ఉన్న భవనమే చాలు. మీ పిల్లలకు ఒక తలుపు, మా పిల్లలకు ఒక తలుపు. గంటలు కూడా వేర్వేరుగా కొడదాం." ఆకుపచ్చ బల్ల ఒప్పుకుంది. పెద్దమనిషి చప్పట్లు కొట్టాడు. "చూశారా, సృజనాత్మకమైన రాజీ అంటే ఇదీ" అన్నాడు. గోడ దగ్గర సెల్మా చెయ్యి ఎత్తింది. "గమనించేవాళ్లు ప్రశ్నలు కార్డు మీద రాసి ఉంచండి, చివర్లో చూద్దాం" అన్నాడు ఆయన అటు చూడకుండానే. ఆమె చెయ్యి దించేసింది. అదంతా నేను చూశాను. నా మాటకు చప్పట్లు పడుతున్నాయి కదా, తల ఇటు తిప్పేసుకున్నాను.

భోజనానికి గంట విరామం. భవనం వెనక హాకర్ సెంటర్, అంటే ఒకే కప్పు కింద బోలెడు తిండి దుకాణాలు, ఉంది, ఐదారు డాలర్లలో కడుపు నిండుతుంది. పన్నెండున్నర దాటితే ఆఫీసుల జనంతో నిలబడే చోటు కూడా దొరకదు, పన్నెండింటికే వెళ్లండి. శాకాహారం కావాలంటే శాకాహార సేమ్యా అమ్మే చైనీస్ దుకాణం ఒకటి చివర్లో ఉంది, గుడ్డు వేయొద్దని ముందే చెప్పాలి. పళ్లెం పట్టుకుని తిరుగుతుంటే సెల్మా కూడా అలాగే తిరుగుతూ కనిపించింది. ఒక బల్ల ఖాళీగా ఉందని కూర్చోబోయాం. పక్కన గిన్నెలు తీస్తున్న ముసలావిడ చెయ్యి అడ్డం పెట్టింది. "నో నో, చోప్ ఆల్రెడీ!" అంటూ బల్ల మీదున్న చిన్న టిష్యూ ప్యాకెట్ చూపించింది. ఆ ప్యాకెట్ పెట్టి వెళ్తే ఆ సీటు వాళ్లదేనట, ఇక్కడి పద్ధతి.

సెల్మా ఆ ప్యాకెట్ వంక కాసేపు చూసింది. "ఇక్కడ కాగితం రుమాలుకి కూడా బల్ల దగ్గర చోటుంది" అంది. నవ్వుతూనే అంది గానీ నాకు నవ్వు రాలేదు.

చివరికి ఒక మూల చోటు దొరికింది. ఇద్దరం ఇంగ్లీషులోనే మాట్లాడుకున్నాం, ఆమెది ఆచితూచి మాట్లాడే ఇంగ్లీషు. "పొద్దున చెయ్యి ఎత్తారు, ఏం అడగాలనుకున్నారు?" అన్నాను. ఆమె ఫోన్ తీసి ఒక ఫొటో చూపించింది. పసుపు రంగు రెండంతస్తుల బడి. ముందు రెండు తలుపులు, వాటి మధ్య ఆటస్థలాన్ని చీలుస్తూ ఇనుప కంచె.

"నేను పనిచేసే బడి. ఎడమ తలుపు బోస్నియాక్ పిల్లలది, కుడి తలుపు క్రొయేట్ పిల్లలది. పుస్తకాలు వేరు, టీచర్ల గదులు వేరు. గుండెకు నాలుగు గదులుంటాయని మేం ఇటు చెబుతాం, అటువైపు ఇంకో టీచరు అదే పాఠం చెబుతుంది. మీరు పొద్దున కనిపెట్టింది మా ఊళ్లో ఎప్పటి నుంచో ఉంది."

చేతిలో చాప్‌స్టిక్స్ అలాగే ఉండిపోయాయి. ఆమె మాత్రం నిదానంగా తింటూ మిగతాది చెప్పింది. ఆమెకు తొమ్మిదేళ్లప్పుడు వాళ్ల ఊళ్లో బోస్నియాక్కులు, క్రొయేట్లు కొట్టుకున్నారు. నాన్నను ఒకవైపువాళ్లు పట్టుకెళ్లి నాలుగు నెలలు ఉంచుకుని వదిలారు. అమ్మ తమ్ముణ్ని ఇంకోవైపువాళ్లు కాల్చేశారు. ఇంట్లో అమ్మానాన్నలిద్దరూ ఒకే బల్ల దగ్గర కూర్చుని ఏడ్చారు తప్ప విడిపోలేదు. పెద్దయ్యాక ప్రధానోపాధ్యాయురాలి పదవికి దరఖాస్తు పెడితే, ఈసారి ఆ పదవి క్రొయేట్ల వాటాకు వచ్చిందన్నారు. ఆఫీసులో ఒక గుమస్తా జాలిపడి, "అమ్మ వైపు రాసెయ్, ఒక్క సంతకం, ఎవరడుగుతారు?" అన్నాడట. "మా నాన్న ఇంకా బతికే ఉన్నాడు, ఆయన ముందు ఎలా రాయను?" అని వచ్చేసిందట. మీ రాజ్యాంగం వివక్ష చూపుతోందని యూరప్‌లోని న్యాయస్థానం తీర్పు చెప్పి ఏళ్లు గడిచాయి. మార్చాల్సింది ఆ మూడు కుర్చీల్లో ఉన్నవాళ్లే. ఎందుకు మారుస్తారు?

"పదవి పోతే పోయింది. సెప్టెంబరులో మా అమ్మాయి లానా ఒకటో తరగతిలో చేరాలి. ఆరేళ్లు. ఏదో ఒక తలుపు నేను ఎంచాలి" అంది.

నాకు కోపం ఆగలేదు. ముందు నా మీదే. పద్నాలుగేళ్లు గళ్లు గీసి చెప్పానే, ఆ గళ్ల బయట ఎవరైనా ఉన్నారా అని ఒక్కసారైనా ఆగి చూడలేదు. తర్వాత ఆ పెద్దమనిషి మీద. ఆయనకు ఇవన్నీ తెలుసు. తెలిసే ఆమెను గోడ పక్కన కూర్చోబెట్టాడు, ఆట బాగా పండుతుందని. "మీకు కోపం రావడం లేదా?" అని దాదాపు అరిచాను. "వచ్చి వచ్చి అయిపోయింది. మీది కొత్త కోపం" అంది.

రెండింటికి అందరం మళ్లీ కూర్చున్నాం. నేను లేచి, గోడ దగ్గరికి వెళ్లి సెల్మా పక్కనున్న ఖాళీ కుర్చీ లాక్కొచ్చి బల్లల మధ్య వేశాను. "ఇతరులకు ఒక కుర్చీ, ఒక ఓటు. నీలం బల్ల ప్రతిపాదన" అన్నాను.

"అది ఎజెండాలో లేదు మేడమ్."

"అయితే ఎజెండాకు నా వీటో."

నవ్వులు. ఆయనా నవ్వి ఆర్థిక శాఖ తీశాడు. వీటో అన్నాను. పోలీసు శాఖ. వీటో. రోడ్ల మరమ్మతు. వీటో.

"రోడ్ల మరమ్మతు వల్ల మీ జాతికి ముప్పేమిటి?"

"కారణం చెప్పనక్కర్లేదని మీరిచ్చిన నియమాల్లోనే ఉంది."

గదిలో నవ్వులు ఆగిపోయాయి. నా బల్ల దగ్గరి ఒకాయన నా చెవి దగ్గర గొణిగాడు, "మేడమ్, సంతకాలు కాకపోతే సర్టిఫికెట్లు ఇవ్వరట. మా ప్రమోషన్‌కి కావాలి." ఆరు నిమిషాల్లో ముగించగల సంగతి, ఆమెకు కుర్చీ ఇస్తే చాలు, అన్నాను. ఆయన ఆ కుర్చీ వంక చూడకుండా నోట్సులో ఏదో గీసుకున్నాడు. రెండున్నర గంటలు అలాగే నడిచింది. మిగతా పదిహేడుమందిలో ఒక్కరూ "ఇద్దాం" అనలేదు. నియమం నియమమేనన్నారు. ఆటలోనే, పైసా పోని చోటే, ఒక కుర్చీ ఇవ్వడానికి మనసు రాకపోతే నిజమైన పదవులున్న చోట ఎలా వస్తుంది?

నాలుగున్నరకు పెద్దమనిషి ఫైలు మూశాడు. "మీ ఆవేశం వల్ల అందరి సమయం వృథా అయింది" అన్నాడు, ఆ మెత్తటి గొంతుతోనే. అప్పుడు సెల్మా లేచింది. నేను వేసిన కుర్చీలో కూర్చోలేదు. నేరుగా ఆయన దగ్గరికి వెళ్లి కార్డు ఇచ్చింది. "పొద్దున రాయమన్నారు. రాశాను. పైకి చదవండి."

ఆయన మౌనంగా చదువుకుని, "హృదయాన్ని కదిలిస్తోంది. నివేదికలో చేరుస్తాం" అని జేబులో పెట్టుకోబోయాడు. ఆమె ఆ కార్డు ఆయన చేతిలోంచి తీసుకుని తనే చదివింది. "నా కూతురు ఏ తలుపులోంచి వెళ్లాలి?" ఆమె మూడు బల్లలనూ ఒక్కొక్కటిగా చూసింది. నా బల్ల వైపు చూసినప్పుడు నేను తల దించుకున్నాను. తలుపులు పెట్టించింది నేనే కదా.

బయటికి వచ్చి రాఫెల్స్ ప్లేస్‌కి ఒక్క స్టేషను రైలెక్కాం. అక్కడ దిగి నది ఒడ్డునే క్లార్క్ కీ దాకా నడిస్తే ఇరవై నిమిషాలు, అక్కడి నుంచి పుంగ్గోల్‌కి నేరుగా రైలుంది, లైను మారక్కర్లేదు. ఆరింటికి బ్యాంకుల జనం వరదలా ఇళ్లకు పోతున్నారు. వంతెన దగ్గర ఆగి సెల్మా అంది, "ఒక మాట చెప్పాలి. కుర్చీ వేసే ముందు నన్ను అడగలేదు మీరు. పొద్దున ఆయన నన్ను గోడ దగ్గర కూర్చోబెట్టాడు, మధ్యాహ్నం మీరు నన్ను నడిమధ్యలో కూర్చోబెట్టాలనుకున్నారు. నేనెక్కడ కూర్చోవాలో రెండుసార్లూ ఇంకొకరే చెప్పారు."

చెంప మీద కొట్టినట్టయింది. ఏదో సర్దిచెప్పబోయి ఆగి, "తప్పయింది" అన్నాను. "వీటో మాత్రం బాగుంది" అని మొదటిసారి గట్టిగా నవ్వింది. ఆమెది సోమవారం విమానం, హోటల్లో ఒక్కతే ఉంది. అంకుల్‌కి ఫోన్ చేస్తే, "అడగడమేంటి, తీసుకురా" అన్నారు.

ఏడున్నరకు భోజనం. ఆంటీ చేపల పులుసు, రసం, అప్పడాలు పెట్టింది. సెల్మా చేత్తో కలుపుకోవడం చూసి మురిసిపోయింది. జరిగింది చెప్పాను. అంకుల్ లోపలికెళ్లి తన గుర్తింపు కార్డు తెచ్చి చూపించారు. "ఇదిగో, ఇక్కడ ఇండియన్ అని ఉంటది. స్కూల్లో మదర్ టంగ్ అని తమిళం చదివించారు. ఇంట్లో తెలుగు. ఈ ఫ్లాట్ అమ్మాలన్నా మా బ్లాకులో ఏ జాతి ఎంతమంది ఉండొచ్చో లెక్కుంది. కొన్నిసార్లు చిరాకే. కానీ ఒకే లిఫ్ట్ లా, ఒకే డోరు. పక్కింటి మలాయ్ పిల్లలు, ఎదురింటి చైనీస్ పిల్లలు ఈ కారిడార్‌లోనే పెరిగారు."

"తెలుగు కాక తమిళం చదివినప్పుడు బాధ అనిపించలేదా?" అని సెల్మా అడిగింది. మాటలు అటూ ఇటూ చేరవేస్తున్నది నేనే.

"చిన్నప్పుడు ఉండేది. ఇప్పుడు అలవాటైపోయింది."

"ఆ అలవాటే నాకు భయం" అంది సెల్మా. "మా పిల్లలు ఆ కంచెను చూసి ఇప్పుడు ఏమీ అడగరు. మా శాంతి ఒప్పందం కాగితం తుపాకులు ఆపింది, అబద్ధం ఆడను. గాయానికి వేసిన కుట్లు అవి. ముప్పై ఏళ్లయినా విప్పకపోతే చర్మం వాటి చుట్టూనే పెరుగుతుంది." అంకుల్ తల ఊపి, ఆమె పళ్లెంలో ఇంకో చేప ముక్క వేశారు.

సెప్టెంబరులో సెల్మా నుంచి ఉత్తరం వచ్చింది. లానాను ఆ రెండు తలుపుల్లో దేనిలోంచీ పంపలేదు. నలభై నిమిషాల బస్సు దూరంలో ఇంకో ఊళ్లో అందరూ కలిసి చదివే బడి ఉంటే అక్కడ చేర్చింది. పొద్దున దింపి, తన బడికి పరుగెత్తుకొస్తోంది. ఆ వారమే శిక్షణ నివేదిక కూడా నాకు వచ్చింది. "మూడు పక్షాలూ చదువుల శాఖపై సృజనాత్మకమైన రాజీకి వచ్చాయి, ఒకే భవనం, వేరు ప్రవేశాలు, ఇతర దేశాలకూ ఆదర్శప్రాయం" అని అందులో ఉంది. మధ్యాహ్నం జరిగింది ఒక్క ముక్క లేదు. ఆ కార్డు లేదు. సెల్మా, నేను కలిసి నాలుగు పేజీల అభ్యంతరం రాసి పంపితే, "మీ అభిప్రాయానికి ధన్యవాదాలు" అని ఒక్క వాక్యం జవాబు వచ్చింది. యుద్ధం ఆపడానికి ఆదరాబాదరాగా గీసిన గీతలను క్షమించగలను. ప్రాణాలు పోతున్నప్పుడు ఎవరైనా గీస్తారు. ఆ గీతల మధ్య పడి నలుగుతున్నవాళ్లను పిలిపించి, గోడ పక్కన కూర్చోబెట్టి, వాళ్ల ముందే మళ్లీ అవే గీతలు గీసి ఆదర్శమని ప్రపంచానికి పంచేవాళ్లను మాత్రం క్షమించలేను. ఒక పూట నేనూ వాళ్లలో ఒకదాన్ని. ఈసారి ఆ పాఠం మొదలుపెట్టేటప్పుడు ముందుగా ఆ సంగతే పిల్లలకు చెప్పాను.

ఇలాంటి శిక్షణకు వెళ్లబోయేవాళ్లకు ఒక్క సలహా. టికెట్టు కొనే ముందే కార్యక్రమ పట్టిక తెప్పించుకోండి. ఏ దేశం గురించి సభ జరుగుతోందో ఆ దేశపు మనుషులు అందులో మాట్లాడతారా, ఊరికే కూర్చుంటారా అని రాతపూర్వకంగా అడగండి. జవాబు రాకపోతే ఆ టికెట్టు డబ్బుతో ఆ దేశానికే వెళ్లండి.